శౌరమ్మ పట్టు

పటమటలో ఆ పళ్ళ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు శౌరమ్మని ఆయా అనుకుంటారు. ఊడవటం, తుడవటం, పళ్ళేలు కడిగి ఆరబెట్టటం ఆమె పనులే, కాదని ఎవరూ అనరు. కానీ డాక్టరు సిద్ధార్థ ఆమెని ఇన్నేళ్ళుగా వదలకుండా ఉంచుకున్నది చీపురు పట్టటానికి కాదు, మనుషుల్ని పట్టటానికి. కుర్చీలో గింజుకునే పిల్లల్నీ, సూది కనబడగానే లేచి పరిగెత్తబోయే పెద్దవాళ్ళనీ, తన్నేవాళ్ళనీ, రక్కేవాళ్ళనీ, నోట్లో వేలు పెడితే కొరికేవాళ్ళనీ కదలకుండా పట్టుకోవటం శౌరమ్మ అసలు పని.

ఆమె ముంజేతులు చూస్తే చాలు. మోచేతి నుంచి మణికట్టు దాకా పళ్ళ గాట్లే. చాలావరకు పాలపళ్ళ గాట్లు, చిన్నచిన్నవి. ఒకటి మాత్రం లోతుగా దిగి, కుట్లు పడి, తెల్లగా గట్టిపడిపోయింది. అది కంకిపాడు నుంచి వచ్చిన ఒక గారాల కొడుకు పెట్టిన ముద్ర. వాడు కండ ఊడేలా కొరుకుతుంటే వాళ్ళమ్మ పక్కన నిలబడి, "అయ్యో, పిల్లాడికి పన్ను నొప్పెడుతుందేమో, చెయ్యి తియ్యవమ్మా" అంది. శౌరమ్మ చెయ్యి తియ్యలేదు. మోచేతి మీద నుంచి రక్తం కారుతుండగానే పన్ను ఊడొచ్చింది. ఆ పన్నుని కాగితంలో చుట్టి తల్లి చేతిలో పెట్టి, తన చేతికి తానే గుడ్డ కట్టుకుని, తరవాతి పిల్లని పట్టుకోవటానికి వెళ్ళింది.

ఆ పట్టు ఆమెకి పుట్టింటి నుంచి వచ్చింది. చల్లపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆమె తండ్రి పశువులకి నాటు వైద్యం చేసేవాడు. గేదెకి కడుపు ఉబ్బినా, మేత ముట్టకపోయినా ఆయన్నే పిలిచేవాళ్ళు. వెదురు గొట్టంతో గొంతులోకి కషాయం పోసేది తండ్రి, గేదె తల ఎత్తి పట్టుకునేది కూతురు. ముక్కుపుటాల్లో రెండు వేళ్ళు దూర్చి, కొమ్ముని చంకలో ఇరికించుకుని, బరువంతా మెడ మీద వేసి వేలాడేది. గేదె విసిరేస్తే వెళ్ళి గోడకి కొట్టుకునేది. లేచి వచ్చి మళ్ళీ పట్టేది. అలా నేర్చుకున్న పని ఎవరూ మర్చిపోరు.

కుర్చీ దగ్గరా అదే పద్ధతి. వెనక నిలబడి ఎడమచేతిని గడ్డం కిందుగా పోనిచ్చి తలని తన రొమ్ముకి అదుముకుంటుంది. కుడిచేత్తో పిల్లాడి రెండు చేతుల్నీ కలిపి బిగిస్తుంది. చెవిలో "అయిపోయింది నాన్నా, అయిపోయింది బంగారం" అంటూనే ఉంటుంది. ఏమీ అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు, నీలుక్కుపోయేవాళ్ళు, బట్టలు తడుపుకునేవాళ్ళు. ఎన్ని ముద్దుమాటలు కలిపినా అది బలవంతమే, ఆ సంగతి శౌరమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. చిగురు కింద చీము పట్టి అన్నం మానేసిన పిల్లకి వేరే దారి లేదు కాబట్టి చేసేది.

తరవాత ఆ ఆసుపత్రికి మత్తు వచ్చింది. అక్షయ అని, చిన్న వయసు డాక్టరమ్మ. మత్తు ఇవ్వటమే ఆవిడ చదువు. వారంలో కొన్ని పూటలు వచ్చి పిల్లలకి తీపి మందేదో తాగించేది, పెద్దవాళ్ళకి చేతి నరానికి సూది పెట్టి కొంచెం కొంచెంగా ఎక్కించేది. పూర్తిగా నిద్రపుచ్చటం కాదు. పిలిస్తే పలుకుతారు, నోరు తెరవమంటే తెరుస్తారు, కానీ ఏం జరుగుతోందో పట్టదు. ఇక తనతో పనేముందిలే అనుకుంది శౌరమ్మ. సగం మత్తులో ఉన్నవాళ్ళు మెలకువలో ఉన్నవాళ్ళకన్నా తిక్కగా ఉంటారని తొందర్లోనే తెలిసొచ్చింది. ఉయ్యూరు నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు ఒకాయన, మనిషిని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది, మత్తు ఎక్కగానే శౌరమ్మని పట్టుకుని రిక్షా స్టాండు బూతులన్నీ తిట్టి, కడుపులో ఒక్క తన్ను తన్నాడు. గంట తరవాత లేచి కూర్చుని, "ఏమీ తెలియలేదమ్మా, చల్లగా ఉండండి" అని అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు.

"అది ఆయన కాదు శౌరమ్మా, మత్తు" అని అక్షయ నవ్వుతూ చెప్పింది. "లేచాక వాళ్ళకి ఒక్క ముక్క గుర్తుండదు. మనం గుర్తుచెయ్యకూడదు కూడా."

శౌరమ్మకి ఆ మాట కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆ మాట వింటూనే ఆమె కాపురం చేసింది.

మొగుడు ఏసుపాదం చేపల లారీ డ్రైవరు. కైకలూరు చెరువుల దగ్గర ఐసు పెట్టెలు ఎక్కించుకుని హనుమాన్ జంక్షన్ మీదుగా తోలుకెళ్ళేవాడు. తాగనప్పుడు అతనంత సరదా మనిషి పేటలో లేడు. పాటలు పాడతాడు, కూరలు తరుగుతాడు, చర్చి పండక్కి కాగితం నక్షత్రాలు తానే కడతాడు. తాగి వచ్చాడంటే మాత్రం ఎడమచేత్తో శౌరమ్మ జుట్టు చుట్టి పట్టుకునేవాడు, కుడిచేతి వెనకవైపుతో చెవి మీద కొట్టేవాడు. ఎప్పుడూ అదే చెవి. కొన్నేళ్ళకి ఆ చెవి సగం వినిపించటం మానేసింది. ఒకసారి జాకీ రాడ్డుతో కొడితే మెడ ఎముక విరిగింది. ఒకసారి కింద పడేసి పొట్ట మీద తొక్కితే, కడుపులో ఉన్నది పోయింది. తెల్లారి లేచి ఆమె మొహం చూసి లబోదిబోమనేవాడు. "నేనా? నేను కొట్టానా? ఒట్టు శౌరీ, నాకేం గుర్తులేదే" అని ఏడుస్తూ తానే పసుపు అరగదీసి రాసేవాడు.

"మనిషి మంచోడేనే, ఆ తాగుడే పాడుది" అని తల్లి అంది. పక్క వాటాలో వాళ్ళూ అదే అన్నారు. చర్చిలో సిస్టరమ్మ కూడా తాగుడు మాన్పించమని మాతని అడుక్కోమంది గానీ మొగుడి చెయ్యి పట్టుకోమని అనలేదు. శౌరమ్మ అందరి మాటా నమ్మింది. నమ్మకపోతే ఆ గదిలో అతని పక్కన పడుకోవటం ఎలా? తనని కొట్టేది సీసా, ఏసుపాదం కాదు. ఏసుపాదం మంచివాడు, ఆ సీసా అవతల ఎక్కడో ఉన్నాడు, సీసా పోతే కనబడతాడు. గేదెల్ని వంచినదానివి మొగుణ్ణి ఒక్కసారైనా వంచలేకపోయావా అని అడిగేవాళ్ళుంటారు. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి అన్నీ తేలికే. గేదెని పట్టుకోమని తండ్రి చెప్పాడు, పిల్లల్ని పట్టుకోమని డాక్టరు చెప్పాడు. మొగుణ్ణి పట్టుకోమని ఆమెకి ఎవరు చెప్పారు?

చివరికి ఒకనాడు కూతురు ఏంజెల్ మధ్యకి వచ్చింది. బళ్ళో చదివే పిల్ల. తండ్రి దాన్ని రెక్క పట్టుకుని విసిరేస్తే గడప రాయికి మొహం కొట్టుకుని ముందు పళ్ళు రెండూ విరిగాయి. శౌరమ్మ పిల్లని తన ఆసుపత్రికే తీసుకొచ్చింది. మెట్ల మీద పడిందని చెప్పింది. విరిగిన పళ్ళ ముక్కలు పీకేటప్పుడు వెనక నిలబడి పిల్ల తలని తానే పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఒక్కతే ఆమె చేతిని కొరకలేదు. శౌరమ్మ ఆ రోజు "అయిపోయింది బంగారం" అనలేకపోయింది.

ఆ ఏడు గుణదల తిరునాళ్ళకి ఏసుపాదం గుండు కొట్టించుకుని మోకాళ్ళ మీద కొండెక్కాడు. మాత ముందు కొవ్వొత్తి వెలిగించి, శౌరమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇక చుక్క ముట్టనని ఒట్టేశాడు. నెత్తి మీద పెట్టిన ఒట్టు తప్పితే ఆ నెత్తి ఎవరిదో వాళ్ళు పోతారని వాళ్ళలో గట్టి నమ్మకం. శౌరమ్మ కూడా ఊరుకోలేదు. "నా మీద మళ్ళీ చెయ్యి లేచిందంటే ఆ పూటే నేను వెళ్ళిపోతా. ఇదీ ఒట్టే" అని జనం మధ్య గట్టిగా అంది. ఆ తరవాత చెయ్యి లేవలేదు. ఏంజెల్ పెద్దదై పెళ్ళి చేసుకుని బందరు వెళ్ళింది. ఇంట్లో పాటలు వినబడ్డాయి, కూరలు తరిగిన చప్పుడు వినబడింది. శౌరమ్మ ఈ సంగతి చెప్పుకోని చోటు లేదు. ఆసుపత్రిలో ఎవరి మొహాన దెబ్బ కనబడినా, "మా ఆయన మానలేదా? మీ ఆయనా మానతాడు, గుణదల వెళ్ళి రా" అని పంపించేది. ఆ మానటం ఆమెకి మెళ్ళో గొలుసు లాంటిది, అందరికీ కనబడాలి.

ఇక ఏసుపాదం పంటి సంగతి. జ్ఞానదంతం అడ్డంగా పెరిగి, కింద చీము పట్టి, దవడ వాచి బొప్పాయిలా అయింది. లారీ తోలుతూ హైవే మీద ఎంతమందితో కలబడ్డాడో గానీ, సూది చూస్తే మాత్రం ఏసుపాదం ప్రాణం పైకే. సిద్ధార్థ సూది చేతిలోకి తీసుకోగానే కుర్చీ దిగి చెప్పులేసుకోకుండా రోడ్డు మీదకి వెళ్ళిపోయాడు. మళ్ళీ తీసుకొస్తే మళ్ళీ అంతే. జ్వరం కూడా మొదలయ్యేసరికి సిద్ధార్థ, "ఈయనకి మత్తు ఇచ్చే చేద్దాం శౌరమ్మా, చీము గొంతులోకి దిగితే ప్రమాదం" అన్నాడు.

పరగడుపున తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. అక్షయ బరువు కనుక్కుంది, గుండె చూసింది, ఆయాసం ఉందా, మాత్రలేమన్నా వాడతారా అని అడిగింది. తరవాత, "తాగుడు అలవాటుందా అండీ?" అంది.

ఏసుపాదం పెళ్ళాం వంక చూశాడు. అతను నోరు తెరిచేలోపే శౌరమ్మ అందుకుంది. "ఎప్పుడో మానేశాడు మేడమ్! గుణదల మాత ముందు నా నెత్తి మీద ఒట్టేశాడు. అడగండి, సిద్ధార్థ గారికి తెలుసు."

"ఆయన్ని చెప్పనివ్వమ్మా."

"లేదండి, మానేశానండి" అన్నాడు ఏసుపాదం, వాచిన దవడ పట్టుకుని. పక్కన పెళ్ళాం అలా వెలిగిపోతూ నిలబడితే ఇంకేం అంటాడు?

"శౌరమ్మ మాట నా మాట అనుకోండి" అన్నాడు సిద్ధార్థ చేతులు కడుక్కుంటూ. అక్షయ తల ఊపి, మానేసిన మనిషికి ఎంత ఇవ్వాలో అంత సిరంజిలోకి తీసింది.

మొదట అంతా సవ్యంగానే నడిచింది. వేలికి క్లిప్పు పెట్టారు, పక్కన మిషను టిక్ టిక్ మంటూ కొట్టుకుంటోంది. నరంలోకి మందు వెళ్ళగానే ఏసుపాదం రెప్పలు వాలాయి, మాట ముద్దగా అయింది. కాంపౌండరు కిరీటి, మీసాలు తిరిగిన నిండు మనిషి, కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. శౌరమ్మ పక్కన దీపం సర్దుతోంది. సిద్ధార్థ నోరు తెరిపించి చిగురులోకి సూది దించాడు.

ఏసుపాదం కళ్ళు తెరిచాడు. ఆ చూపు శౌరమ్మ చాలా ఏళ్ళుగా చూడలేదు.

అతను ఒక్క ఊపున లేచి కూర్చున్నాడు. చేతికున్న గొట్టం లాగి పారేస్తే రక్తం గోడ మీదకి చిమ్మింది. కిరీటి పొట్టలో రెండు కాళ్ళతో కలిపి తన్నాడు, అంత మనిషీ వెళ్ళి బీరువాకి కొట్టుకుని కూలబడ్డాడు. పనిముట్ల పళ్ళెం ఎగిరి అద్దం పగిలింది. "ఏసుపాదం గారూ, పడుకోండి, ఏం కాలేదు" అంటూ దగ్గరకి వచ్చిన అక్షయ మూతి మీద మోచేయి తగిలి పెదవి చిట్లింది. సిద్ధార్థ భుజాలు పట్టుకోబోతే కళ్ళజోడు తీసి నేలకి కొట్టి, మెడ పట్టి తోశాడు. నోట్లోంచి చీమూ నెత్తురూ గడ్డం మీదుగా కారుతున్నాయి. ఏదో అరుస్తున్నాడు, అది మాట కాదు.

శౌరమ్మ ఎదురుగా వెళ్ళింది. అది తప్పు. ఇన్నేళ్ళ పనిలో ఆమె ఎవరినీ ఎదురుగా వెళ్ళి పట్టుకోలేదు. మొగుడు కదా, తన మొహం చూస్తే తగ్గుతాడనుకుంది.

చూశాడు. గుర్తుపట్టాడు కూడా. "ఏమే ముండా" అన్నాడు, ఈసారి మాట స్పష్టంగానే వచ్చింది. "నన్ను మానమంటావా? నువ్వెవతివే నన్ను మానమనటానికి?" ఎడమచేత్తో ఆమె జుట్టు చుట్టి పట్టుకున్నాడు. కుడిచేతి వెనకవైపుతో చెవి మీద కొట్టాడు. అదే చెవి. మళ్ళీ కొట్టాడు. మూడోసారి తల తిప్పబోతే దెబ్బ కంటి మీద పడి, ఆమె వెళ్ళి ఉమ్మే గిన్నె అంచుకి మొహం కొట్టుకుంది. కనుబొమ చీలి కన్ను నెత్తుటితో మూసుకుపోయింది.

అప్పుడు శౌరమ్మ వెనక్కి వెళ్ళింది. కుర్చీ చుట్టూ తిరిగి, వెనక నిలబడి, ఎడమచేతిని గడ్డం కిందుగా పోనిచ్చి తలని రొమ్ముకి అదుముకుంది. కుడిచేత్తో అతని చేతులు బిగించింది. కిరీటి పాక్కుంటూ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ఏసుపాదం గింజుకున్నాడు, రక్కాడు, తల వెనక్కి విసిరి ఆమె రొమ్ము మీద పొడిచాడు. పట్టు కదలలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొట్టమొదటిసారి ఆ మనిషి బలం మొత్తం ఎంతో ఆమె చేతులకి తెలిసింది. పెద్ద బలమేం కాదు. ఇంతకంటే గట్టి గేదెల్ని వంచింది.

ఆమె చెయ్యి గడ్డం దగ్గర నుంచి కిందకి జారింది. జారిందో, ఆమే జార్చిందో దేవుడికి తెలియాలి. ఇప్పుడది గొంతు మీద ఉంది. ఏసుపాదం అరుపు ఆగిపోయింది, కాళ్ళు కిరీటి కింద కొట్టుకోవటం మొదలుపెట్టాయి, మొహం వంకాయ రంగుకి తిరిగింది. క్లిప్పు ఇంకా వేలికే ఉంది, పక్కన మిషను చప్పుడు మెల్లగా దిగిపోతోంది. ఆ చప్పుడు దిగితే ఊపిరి అందట్లేదని అర్థం, ఆ గదిలో పనిచేసే శౌరమ్మకి తెలుసు. బాగున్న చెవికి అది చక్కగానే వినబడింది. ఆమె వదల్లేదు. కోపం లేదు, ఏడుపు లేదు, భయమైతే అసలే లేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

"శౌరమ్మా! వదులు! ఊపిరి ఆడట్లేదు!" అని సిద్ధార్థ అరిచాడు. వదల్లేదు. ఆయన రెండు చేతులతో ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. చిట్లిన పెదవితోనే అక్షయ మాస్కు పెట్టి సంచీ నొక్కుతూ గాలి పంపింది. మిషను చప్పుడు మళ్ళీ పైకి ఎక్కేదాకా ఆ గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

తరవాత అక్షయ ఇంకో నరం వెతికి, ఇంకో మందు ఇచ్చి పూర్తిగా నిద్రపుచ్చింది. సిద్ధార్థ పాత కళ్ళజోడు పెట్టుకుని పన్ను కోసి తీశాడు, చీము వదిలించాడు. ఆ పనంతా అయ్యాక కిరీటి శౌరమ్మ కనుబొమకి కట్టు కట్టాడు.

"మత్తులో చేసిందమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాడు సిద్ధార్థ. తరవాత గొంతు తగ్గించి, "నువ్వు కూడా కంగారులో... సర్లే. ఇక్కడ జరిగింది ఇక్కడే వదిలేద్దాం" అన్నాడు. మంచి మనిషి. అందరికీ అన్నీ మాఫీ చేసేశాడు.

అక్షయ మాత్రం పెదవికి ఐసు పెట్టుకుని శౌరమ్మని పక్కకి పిలిచింది. "ఏమీ అనుకోకమ్మా. ఈయన రోజూ తాగుతారా?"

"లేదు మేడమ్, మాత మీద..."

"మామూలు మనిషి నిద్రపోయే మోతాదుకి ఈయన లేచి కూర్చున్నారు. తాగనివాళ్ళకి కూడా ఒక్కోసారి ఇలా ఎదురు తిరుగుతుంది, కాదనను. కానీ రోజూ తాగేవాళ్ళలో ఎక్కువ. నేను ఇంకోసారి అడిగి ఉండాల్సింది. మీరు ఆయన్నే అడగండి."

శౌరమ్మ వెళ్ళి, పక్క గదిలో అతన్ని పడుకోబెట్టిన మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. మత్తులో కొట్టిన దెబ్బకి ఒట్టు వర్తించదని ఆమె అప్పటికే మనసులో తేల్చుకుంది. ఆ మత్తు డాక్టరమ్మ ఎక్కించింది, అతను తెచ్చుకున్నది కాదు. కాబట్టి ఇవాళ్టి దెబ్బతో కాపురం పోదు. తాగుతున్నాడా లేదా, అదొక్కటే తేలాలి. తాగట్లేదంటే చాలు, కట్టుతోనే ఇంటికి తీసుకెళ్ళి జావ కాచి పోస్తుంది. గొంతు నొక్కిన సంగతి తాను గుణదల వెళ్ళి చెప్పుకుంటుంది.

ఏసుపాదం కళ్ళు తెరిచాడు. బుగ్గలో దూది ఉంది, మాట నలిగి వస్తోంది. "అయిపోయిందా? ఏమీ తెలీలేదే శౌరీ! హాయిగా నిద్రపట్టింది." అప్పుడు ఆమె మొహం చూశాడు. చటుక్కున లేవబోయాడు. "ఆ మొహమేంటే? ఎవడు కొట్టాడు? చెప్పు, చేతులిరగ్గొడతా!"

"నువ్వే."

నవ్వబోయాడు. తలుపు దగ్గర అక్షయ పెదవి కనబడింది, పొట్ట పట్టుకుని ఒంగి నడుస్తున్న కిరీటి కనబడ్డాడు. నవ్వు ఆగిపోయి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఒట్టు శౌరీ, నాకేం గుర్తులేదే."

"గుర్తుండదులే. అది వదిలెయ్. ఒక్కటి అడుగుతా, మాత సాక్షిగా చెప్పు. తాగుతున్నావా?"

అతను దుప్పటి అంచు పీకాడు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదో, పట్టుబడ్డానని తెలిసిందో, అబద్ధానికి ఓపిక లేకపోయింది. "కొండ దిగినాక కొన్నాళ్ళు ఉన్నానే. ఉండలేకపోయా. జంక్షన్‌లో ఆగినప్పుడు రోజూ కొంచెం. నీకు తెలీకుండానే జాగ్రత్తపడ్డా. ఐసు నీళ్ళూ చేపల కంపూ ఉంటయ్ కదా, నీకు వాసన తెలీదు. మరీ ఎక్కువైతే లారీలోనే పడుకుని డ్యూటీ అని ఫోన్ చేసేవాణ్ణి."

శౌరమ్మ లేచి వెళ్ళిపోకపోవటం చూసి అతనికి ధైర్యం వచ్చింది. మోచేతి మీద లేచాడు.

"కానీ నువ్వే చెప్పవే, ఒక్కసారన్నా చెయ్యెత్తానా? నిండా తాగొచ్చిన రోజులున్నయ్. నువ్వు మీదమీదకొచ్చి మాట్లాడిన రోజులున్నయ్. చేతులు కట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నానా లేదా? కొడితే నువ్వు పోతావని తెలుసు. అందుకే తాగినా సరే చేతిని అదుపులో పెట్టుకున్నా. నీకిచ్చిన మాట సగమన్నా నిలబెట్టుకున్నా కదే." ఆ చివరి మాట దగ్గర అతని గొంతులో నిజంగానే గర్వం పలికింది.

శౌరమ్మ స్టూలు దగ్గరకి జరుపుకుంది.

"అంటే తాగినా కొట్టకుండా ఉండగలవు" అంది.

"ఉన్నా కదే!"

"మరి అప్పుడెందుకు కొట్టావు?"

ఏసుపాదం నోరు తెరిచాడు. తరవాత వేలితో బుగ్గలో దూది చూపించి, మాట్లాడకూడదన్నారన్నట్టు సైగ చేసి, గట్టిగా కొరికి పట్టుకున్నాడు. అంతదాకా గడగడా మాట్లాడినవాడికి డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది. శౌరమ్మ అతని మొహం వంకే చూస్తూ కూర్చుంది. చెవి, మెడ ఎముక, పోయిన కడుపు, పిల్ల ముందుపళ్ళు, ఇన్నేళ్ళూ సీసా ఖాతాలో వేసి క్షమించిన దెబ్బలన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆ మనిషి చేతికే చేరాయి. సీసా అవతల వేరే ఏసుపాదం ఎవరూ లేడు. మొదటి నుంచీ ఒక్కడే ఉన్నాడు. వాడికి గుర్తూ ఉంది, అదుపూ ఉంది. తనని కొడితే వాడికేమీ పోదని తెలిసినన్నాళ్ళు కొట్టాడు, పోతుందని తెలిశాక మానేశాడు.

ఆమె లేచి బయటకి వెళ్ళి మరిది నతానియేలుకి ఫోన్ చేసింది. మత్తు తీసుకున్నవాళ్ళని తోడు లేకుండా పంపరు. నతానియేలు ఆటో వేసుకుని వచ్చేసరికి ఏసుపాదాన్ని కిరీటి నడిపించుకొచ్చి మెట్ల దగ్గర కూర్చోబెట్టాడు. అందరు బంధువులకీ చెప్పే మాటలే శౌరమ్మ మరిదికి చెప్పింది. "ఒంటరిగా వదలకు. బండి ముట్టుకోనివ్వకు. చల్లార్చిన జావ పొయ్యి, వేడివి వద్దు. నెత్తురు ఆగకపోతే ఇక్కడికే తీసుకురా."

"నువ్వెక్కు వదినా, ఇరుక్కుని కూర్చుందాం."

"నేను రాను. మీ ఇంటికే తీసుకెళ్ళు. ఇవాళే కాదు, ఇక నీ దగ్గరే ఉంచుకో."

నతానియేలు ఆమె కట్టు వంకా, ఆటోలో దవడ పట్టుకున్న అన్న వంకా చూశాడు. కిరీటి అప్పటికే అతనికి జరిగిందంతా చెప్పాడు. "మత్తులో తెలీక కొట్టాడంట కదా వదినా. మనిషి మంచోడేగా. దీనికే వెళ్ళగొడతావా?"

"ఇవాళ కొట్టినందుకు కాదు నతానియేలూ" అంది శౌరమ్మ. "ఇన్నేళ్ళూ తాగి కూడా కొట్టకుండా ఉన్నాడు చూడు, అందుకు."

నతానియేలుకి అర్థం కాలేదు. ఆటోలో ఉన్న ఏసుపాదానికి అర్థమైంది. అతను మొహం అటు తిప్పుకుని, పోనివ్వమని డ్రైవరు భుజం తట్టాడు.